వెనక బెంచీలో సలహాదారు

ప్రశ్న: పద్నాలుగేళ్లుగా ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఈ ఏడాది మా యాజమాన్యం ఒక బోధనా సలహాదారును నియమించింది. ఆయన వారానికొకసారి వెనక బెంచీలో కూర్చుని ఏదో రాసుకుని, నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లిపోతారు. ఇది శిక్షణా, తనిఖీయా? నేనేం చేయాలి?
— ఒక ఉపాధ్యాయిని, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్నిబట్టి అది తనిఖీయే. తరగతి చూసినవారు ముందుగా మాట్లాడవలసింది పాఠం చెప్పిన మనిషితో.

అయితే సలహాదారు అనే ఆలోచననే కొట్టిపారేయకండి. సెలవుల్లో జరిగే రెండు రోజుల వర్క్‌షాపులో విన్నది తరగతి గది దాకా రావడం అరుదని, అక్కడ పక్కన నిలబడి సాయం చేసేవారుంటేనే కొత్త పద్ధతి అలవాటవుతుందని అమెరికాలో విద్యా పరిశోధకులు బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980ల ఆరంభంలోనే చెప్పారు. ఇలాంటి సాయంపై జరిగిన 60 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2018లో వెలువరించిన విశ్లేషణలోనూ బోధన మెరుగుపడినట్టు తేలింది. పిల్లల మార్కుల్లో లాభం అంతకంటే తక్కువ, పైగా ఉపాధ్యాయుల సంఖ్య పెరిగిన పెద్ద కార్యక్రమాల్లో ఫలితం పలచబడింది. ఒకే సలహాదారును నాలుగైదు బ్రాంచీలకు తిప్పే మన యాజమాన్యాలు ఈ చివరి మాటను గమనించాలి.

ఈసారి ఆయన రాకముందే కలిసి, మీరే ఒక పని అప్పగించండి. "నా బోధన ఎలా ఉందో చూడండి" అనకండి. అలా అంటే చార్టుల గురించీ నల్లబల్ల మీది దస్తూరి గురించీ చెబుతారు. ప్రశ్న అడిగాక మీరు ఎన్ని సెకన్లు ఆగుతున్నారో, ఏయే బెంచీల నుంచి జవాబులు వస్తున్నాయో మాత్రమే రాయమనండి. ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారనీ, దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవై, మౌనంగా ఉండిపోయేవారు తగ్గుతారనీ అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో గమనించారు. నేను మాత్రం పిల్లలకు బాగా సమయమిస్తాననే నమ్మకంతో ఉండేవాణ్ని. ఒకసారి సహోపాధ్యాయుడు గడియారం పట్టుకుని లెక్కపెట్టాక గానీ ఆ భ్రమ వదల్లేదు. బలం, పీడనం పాఠంలో 'పదునైన కత్తే ఎందుకు బాగా కోస్తుంది' అని అడిగి, పిల్లలు నోరు విప్పేలోగా నేనే జవాబు చెప్పేసేవాణ్ని.

ఆ నోటు పుస్తకంలోని రాతలు ఇంక్రిమెంటు లెక్కలకు వాడబోమని ప్రిన్సిపాల్ గారి నుంచి స్పష్టంగా మాట తీసుకోండి. ఒక్కరే వెళ్లేకంటే స్టాఫ్‌రూంలో మాట్లాడుకుని నలుగురూ కలిసి అడగడం మేలు. సలహాదారును కూడా మీ సెక్షన్‌లో ఒక పీరియడ్ చెప్పమనండి. మంచివారైతే సంతోషంగా ఒప్పుకుంటారు.

జాతీయ విద్యా విధానం 2020 ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి వికాస అవకాశాలు ఉండాలంటోంది. కాబట్టి తరగతి చూసిన రోజే, సలహాదారుతో కూర్చుని మాట్లాడేందుకు మీ ఖాళీ పీరియడ్‌లో ఒక పావుగంట అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఆ ఖాళీ పీరియడ్‌లో సెలవు పెట్టిన మరో టీచరు క్లాసుకు మిమ్మల్ని పంపకూడదని మాత్రం ముందే చెప్పి ఉంచండి.