పారిశ్రామికవాడలో గుడి, చర్చి, మసీదు పెట్టనివ్వాలా?

మీ ప్రశ్న ఇది: అమెరికాలో ఉన్న మీ బావగారు, ఇంకొందరు తెలుగువాళ్లు కలిసి ఒక గోదాము కొని గుడిగా మార్చాలనుకుంటున్నారు. అది పారిశ్రామిక జోన్ అని అక్కడి నగరపాలక సంస్థ అడ్డు చెబుతోంది. నగరాలు ఇలాంటి చోట ప్రార్థనా స్థలాలకు అనుమతి ఇవ్వాలా, హైదరాబాద్‌లో పరిస్థితి ఏమిటి అని అడిగారు.

పనివాళ్ల కోసం ఉండే చిన్న గుడికీ, నమాజు గదికీ ఇవ్వాలి. బయటి నుంచి పిల్లా పాపలతో జనం వచ్చే పెద్ద హాలుకైతే పక్కన ఏ ఫ్యాక్టరీ ఉందో చూశాకే ఇవ్వాలి. రసాయనాల ఫ్యాక్టరీ ఉంటే వద్దు. లోపల ఏ దేవుడు ఉన్నా నా జవాబు మారదు.

నేను జీడిమెట్లలో మందులకు ముడిసరుకు తయారుచేసే ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా చేశాను. ఇప్పుడు చర్లపల్లి వైపు మా బంధువుల మెషిన్ షాపు చూసుకుంటున్నాను. కాగితం మీద రెండూ పారిశ్రామికవాడలే. ఒకచోట సాల్వెంట్ డ్రమ్ములు, రసాయనాలు కలిపి చర్య జరిపించే రియాక్టర్లు. ఇంకోచోట లేత్‌లు, ఇనుప రజను, కూలెంట్ వాసన. ఈ రెండింటికీ ఒకే రూల్ పెడితే ఎక్కడో ఒకచోట తప్పు జరిగి తీరుతుంది.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. చాలాచోట్ల గుడే ముందు వచ్చింది, జోన్ తర్వాత వచ్చింది. చెరువు కట్ట మీద కట్ట మైసమ్మ, పొలిమేరలో పోచమ్మ ఉండగానే చుట్టూ భూములు తీసుకుని ప్లాట్లు వేశారు. ఆషాఢంలో బోనాలు వస్తే ఆ రోజు లారీలు కాసేపు ఆగుతాయి, ఎవరూ ఏమీ అనుకోరు. దసరాకు మెషిన్లకు ఆయుధ పూజ చేస్తాం. సెప్టెంబరు 17న ఒడిశా, బీహార్ కుర్రాళ్లు విశ్వకర్మ పూజ చేసుకుంటారు. శుక్రవారం కొందరికి లంచ్ టైమ్ కాస్త అటూ ఇటూ జరుపుతాం. ఇవన్నీ వద్దని ఏ నగరం చెప్పినా అది జరిగే పని కాదు, జరగాల్సిన అవసరమూ లేదు. అక్కడికి వచ్చేది ఆ వాడలో పనిచేసే మనిషే. అతనికి సైరన్ ఎందుకు మోగిందో తెలుసు, ఏ గేటు గుండా బయటపడాలో తెలుసు.

అసలు తేడా అక్కడే ఉంది. రసాయనాల ఫ్యాక్టరీల్లో ఎత్తుగా ఒక గుడ్డ గొట్టం ఎగురుతూ ఉంటుంది, విండ్ సాక్ అంటాం. గ్యాస్ లీకైతే ముందు దాన్ని చూసి, గాలి ఎటు వీస్తోందో ఆ దారిలో కాకుండా అడ్డంగా నడవాలి. క్లోరిన్ లాంటివి గాలి కంటే బరువు, నేల మీదే పాకుతాయి కాబట్టి పల్లంలోకి దిగకూడదు. కొత్తగా చేరిన హెల్పర్‌కి కూడా మొదటి వారంలోనే ఇవి చెబుతాం. సత్సంగానికి వచ్చిన పెద్దావిడకో, సండే స్కూలుకు వచ్చిన పిల్లలకో ఎవరు చెబుతారు? కంగారులో అందరూ చెప్పులు విడిచిన గుమ్మం వైపే పరిగెత్తుతారు. గోదాములకు చాలావరకు ముందు ఒక్క పెద్ద షట్టరే ఉంటుంది, వెనక గోడ.

పాశమైలారంలో 2025 జూన్ 30న జరిగిన పేలుడులో యాభై మందికి పైగా పోయారు. వాళ్లు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు. 2020 మే 7న విశాఖలో ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయన ఆవిరి లీకైనప్పుడు మాత్రం పక్క ఊళ్లో నిద్రపోతున్న జనం మీదికి వచ్చింది. ప్రమాదకర రసాయనాల మీద 1989లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. ప్రమాదం గేటు దాటితే ఏం చేయాలో జిల్లా స్థాయిలో ముందే ప్లాన్ ఉండాలని వాటిలో ఉంది. ఆ ప్లాన్ వేసేవాళ్లు ఆదివారం ఉదయం పక్క ప్లాట్‌లో అయిదొందల మంది కూర్చుంటారని లెక్క వేయరు కదా.

ఇప్పుడు లైట్ ఇంజినీరింగ్ వైపు, అంటే మా మెషిన్ షాపుల వైపు వద్దాం. మా సందులో మూతపడ్డ షెడ్డును ఒక ప్రార్థన సంఘం వాళ్లు అద్దెకు తీసుకున్నారు. మొదట్లో మా వాళ్లకు కొంచెం టెన్షన్. కానీ ఆదివారం మాకు సెలవు, రోడ్డు ఖాళీ, కార్లు ఎక్కడ పెట్టినా అడ్డం లేదు. శబ్దం సంగతి చూసినా, పగటిపూట నివాస ప్రాంతంలో పరిమితి 55 డెసిబెల్స్ అయితే పారిశ్రామిక ప్రాంతంలో 75. పైగా నిద్ర చెడే ఇళ్లే అక్కడ లేవు. సందు చివర మోరీ పూడిక తీయించింది కూడా వాళ్లే. నిజానికి మాకు దొరికిన మంచి పొరుగువాళ్లు వాళ్లే.

తలనొప్పి మన గుడితోనే వచ్చింది. పనివాళ్లు కట్టుకున్న చిన్న అమ్మవారి గుడికి ముందు రేకుల షెడ్డు పడింది. తర్వాత అన్నదానం మొదలైంది, తర్వాత ముహూర్తాల రోజుల్లో పెళ్లిళ్లు. షామియానా వేస్తే ట్రైలర్ లారీ మలుపు తిరగదు, మెటీరియల్ రోడ్డు మీదే ఆగిపోతుంది. అక్కడితో ఆగినా సర్దుకునేవాళ్లం. బయటి నుంచి వచ్చేవాళ్లు ఎక్కువయ్యాక పక్కనున్న ప్లేటింగ్ యూనిట్ (లోహాలకు పూత వేసేది) ఘాటు మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. వాళ్లు అబద్ధం చెప్పలేదు, ఘాటు నిజమే, కానీ అది ఉండాల్సిన చోటే ఉంది. ఓనరు విసిగిపోయి యూనిట్‌ను దూరంగా తరలించాడు. ఆ గుడికి మొదటి ఇటుక పెట్టింది ఆ యూనిట్ కుర్రాళ్లే, ఉద్యోగం పోయిందీ వాళ్లకే.

అందుకే కట్టడం కంటే వాడకం మీద షరతులు పెట్టాలంటాను. ఎంతమంది, ఏ రోజుల్లో, రెండో ద్వారం ఉందా, ఇన్నేళ్లకోసారి రెన్యువల్ ఉందా అన్నవి చూడాలి. ముందు నుంచి ఉన్న ఫ్యాక్టరీ మీద ఘాటు, శబ్దం అని కొత్తగా వచ్చినవాళ్లు అడ్డం తిరగకూడదని అనుమతి పత్రంలోనే రాయాలి. కాలుష్యాన్ని బట్టి రెడ్, ఆరెంజ్, గ్రీన్, వైట్ అని పరిశ్రమలకు ఇప్పటికే వర్గాలున్నాయి. రెడ్ యూనిట్ పక్కన జనం పోగయ్యే హాలు వద్దని చెప్పడానికి కొత్త చట్టం ఏమీ అక్కర్లేదు, ఆ జాబితా చాలు.

పూర్తిగా వద్దంటే ఏమవుతుందో కూడా చూస్తున్నాం. లేఅవుట్‌లో గుడికి స్థలం ఉండదు, కొనాలంటే గజం ధర చూసి కళ్లు తిరుగుతాయి. దాంతో పార్కు మూల మీద కన్ను పడుతుంది. రోడ్లు, పార్కులు, ఇతర బహిరంగ స్థలాల్లో కొత్తగా ప్రార్థనా మందిరాలు కట్టనివ్వొద్దని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరులోనే ఆదేశించింది. మన కాలనీల్లో అది ఎంతవరకు అమలైందో మీరే చూసుకోండి. ఖాళీ షెడ్డు అద్దెకు తీసుకునేవాడు దానికంటే ఎంతో నయం.

ఈ చర్చ మనకు ఇంకా పెరుగుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు లోపలున్న పాత పారిశ్రామిక భూముల్ని ఇతర అవసరాలకు మార్చుకోనిచ్చే విధానాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2025 నవంబరులో తెచ్చింది. మార్పు ఒక్కరోజులో అయిపోదు. మధ్యలో ఒక ప్లాట్‌లో రియాక్టర్, పక్క ప్లాట్‌లో జనం ఉండే ఏళ్లు కొన్ని తప్పవు. నాకు భయం ఆ ఏళ్ల గురించే.

ఇక మీ బావగారి సంగతి. అమెరికాలో 2000లో వచ్చిన ఒక ఫెడరల్ చట్టం ప్రకారం, జనం గుమికూడే ఇతర సంస్థలకు ఇచ్చే అవకాశం కంటే ప్రార్థనా స్థలాలకు తక్కువ ఇవ్వకూడదు. అదే జోన్‌లో క్లబ్బుకో, ఫంక్షన్ హాలుకో అనుమతి ఉంటే గుడికి ఎందుకు లేదని అడగొచ్చు. ఇది అక్కడి లాయర్‌ను అడిగి తేల్చుకోవాల్సిన విషయం. దానికంటే ముందు, అడ్వాన్స్ ఇవ్వకముందే ఒక పనిదినం మధ్యాహ్నం అక్కడికి వెళ్లి చుట్టుపక్కల గోదాముల్లో ఏం నిల్వ చేస్తున్నారో అడగమనండి. అక్కడి ఫైర్ డిపార్ట్‌మెంట్‌నూ అదే అడగమనండి. వెనక గోడకు రెండో ద్వారం పెట్టుకోనిస్తారో లేదో రాతపూర్వకంగా తీసుకోమనండి. అది కుదరదంటే ధర ఎంత తగ్గించినా ఆ గోదాము వదిలేయమనే చెబుతాను.