అమ్మలూ, మీటింగు పెట్టే ముందు

బ్రాడీపేట, గుంటూరు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు మీ అపార్ట్‌మెంట్‌కి సెక్రటరీవయ్యావట. వచ్చే ఆదివారం కింది ఇళ్లవాళ్లనీ పై ఇళ్లవాళ్లనీ కూర్చోబెట్టి రాజీ చేస్తానంటున్నావట. వినగానే ఎంత గర్వమేసిందో, పడుకున్నాక అంత భయమేసింది. నిద్ర పట్టలేదు. తెల్లవారుజామునే లేచి ఇది రాస్తున్నాను.

ముందు చిన్నవి చెప్పేస్తాను. మీటింగు భోజనాలయ్యాక పెట్టు, ఆకలి మీద ఎవరూ సర్దుకోరు. లెక్కలు కాగితం మీద రాసి పట్టుకెళ్లు. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క పెట్టకు. నువ్వు కూడా తిని వెళ్లు, నీకు ఖాళీ కడుపుతో మాట తూలే అలవాటుంది, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

ఇక అసలు సంగతి. 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు వాగుకు గండ్లు పడి మీ సింగ్‌నగర్ మునిగినప్పుడు కింది ఇళ్లవాళ్లంతా మీ పై ఇళ్లలోనే కదా పడుకున్నారు? మీ హాల్లో పదకొండు మంది ఉన్నారనీ, పిల్లలకి మంచినీళ్లు సీసా మూతతో కొలిచి తాగించారనీ నువ్వే చెప్పావు. ఆ మూతతో నీళ్లు పోసేటప్పుడు ఎవరిది ఏ కులం, ఏ మతం అని ఎవరడిగారు? నీళ్లు దిగాక ప్రభుత్వ సాయం వచ్చింది. మునిగిన కింది ఇళ్లకి 25 వేలు, మొదటి అంతస్తు, ఆ పైవాళ్లకి 10 వేలు. గొడవ అక్కడ మొదలైంది. మేమూ నీళ్ల మధ్యే ఉన్నాం కదా అని వాళ్లు. మా మంచాలూ ఫ్రిజ్జూ పిల్లల సర్టిఫికెట్లూ పోయాయి, పాతిక వేలు ఏ మూలకని వీళ్లు. ఇప్పుడు మోటారూ మీటర్ల బోర్డూ ఎత్తులో పెట్టించడానికి ఎవరి వాటా ఎంతన్న దగ్గర పలకరింపులు కూడా ఆగిపోయాయంటే బాధేసింది.

నిన్నెరుగుదును కనక చెబుతున్నాను. "మనమంతా ఒక్కటే" అని మొదలుపెడదామని అనుకుంటూ ఉంటావు. ఆ మాట అనకే. నేనన్నాను. ఆ కథ నీకు ఎప్పుడూ చెప్పలేదు.

2003లో మన బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు నేను హెడ్‌మిస్ట్రెస్‌ని. వంటకి దళితవాడ నుంచి ఒకావిడ వచ్చింది. చేతివాటం చూసి ముచ్చటపడేదాన్ని, అంత పప్పు ఒక్కసారి కూడా అడుగంటనిచ్చేది కాదు. మూడోవారానికి కొంతమంది పిల్లలు ఇంటి నుంచి క్యారేజీలు తేవడం మొదలుపెట్టారు. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నాకు ఒళ్లు మండిపోయింది. తల్లిదండ్రులందరినీ బడి ఆవరణలో వేపచెట్టు కిందికి పిలిపించాను. ఆవిణ్ణి నా పక్కన నిలబెట్టుకుని, చెయ్యి పట్టుకుని, అరగంట మాట్లాడాను. అందరి రక్తమూ ఎరుపే అన్నాను. కులమేంటి, మతమేంటి, మనమంతా ఒక్కటే అన్నాను. తలలు వంచుకుని విన్నారు, చప్పట్లు కూడా కొట్టారు. గెలిచాననుకుని ఇంటికొచ్చి మీ పెదనాన్నకి పూసగుచ్చినట్టు చెప్పాను.

మర్నాడు క్యారేజీలు ఇంకో నాలుగు పెరిగాయి. వారం తిరక్కుండా ఆవిడ మానేసింది.

రెండు నెలల తర్వాత మిర్చి యార్డు వైపు వెళ్తుంటే ఒక షెడ్డులో కనబడింది. ఆడవాళ్ల మధ్య కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. కళ్లు మండితే చేత్తో తుడుచుకోకూడదు కదా, మోచెయ్యి మడిచి భుజం మీది కొంగుకి మొహం రుద్దుకుంటోంది. ఎందుకు మానేశావమ్మా అన్నాను. కోపం లేదు ఆ మనిషికి. "నా వంట ఎట్టా ఉందో ఒక్కరూ అనలేదు టీచరుగారూ. మీరూ అనలేదు. నా కులం మాత్రం అందరి ముందూ చెప్పారు" అంది. మళ్లీ కాయ చేతిలోకి తీసుకుంది.

ఆ పిల్లల ఇళ్లవాళ్లది తప్పే. ఈ రోజుకీ తప్పే అంటాను. కానీ ఆ తప్పు రాసి చూపించడానికి ఆవిణ్ణి నల్లబల్ల చేసుకున్నది నేను. అక్కడ నిలబడటం నీకిష్టమేనా అని అడగలేదు. ఒక్కసారి వాళ్లింటికి వెళ్లలేదు. క్యారేజీ తెచ్చే పిల్లల ఇళ్లకీ వెళ్లలేదు. వెళ్లి ఉంటే ఎవరు మొండివాళ్లో, ఎవరు ఇంట్లో పెద్దవాళ్లకి భయపడి పంపుతున్నారో తెలిసేది.

అందుకే ఈ వారం ఒక్కో ఇంటికీ వెళ్లు. ఆ రోజులు ఎలా గడిచాయండీ అని అడిగి ఊరుకో. సలహా ఇవ్వకు, మధ్యలో అందుకోకు. టీ ఇస్తే తాగు. మూడో అంతస్తు పెద్దాయన ఇన్సులిన్ కోసం ఎంత అల్లాడారో కిందివాళ్లలో ఎంతమందికి తెలుసు? బురద కడిగిన పుస్తకాలు మేడ మీద ఆరబెట్టుకుంటే ఏ పేజీ ఏ పేజీకి అంటుకుపోయిందో పైవాళ్లు చూశారా? ఇంకొకటి. ఎక్కువ పోగొట్టుకున్నవాళ్లనే సర్దుకుపొమ్మనడం మనకి అలవాటు, అదొక్కటీ చెయ్యకు.

అన్నిట్లోనూ కలిపెయ్యాలని చూడకు. మీ ఊళ్లో పటమటలో నాస్తిక కేంద్రం ఉంది కదా, దాన్ని పెట్టిన గోరా గారు దేవుడు లేడన్న మనిషి, గాంధీగారు రాముడి పేరు విడవని మనిషి. దేవుడి దగ్గర వాళ్లు కలవలేదు, అంటరానితనం పోవాలన్న దగ్గర కలిశారు. గోరా గారు కూతుర్ని దళిత యువకుడికి ఇచ్చి 1948లో గాంధీగారి సేవాగ్రామ్ ఆశ్రమంలోనే పెళ్లి చేశారు. గాంధీగారు తన చేతుల మీదుగా జరిపిస్తానన్న పెళ్లి అది, అప్పటికి ఆయన లేరు. మీకూ ఒక్క పని చాలు. నీళ్లు మళ్లీ వస్తే మునగకుండా ఆ మీటర్ల బోర్డు పైకెక్కాలి. అది ఇద్దరికీ కావాల్సిందే.

నా భయం కూడా చెప్పుకోనీ. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిందని టీవీలో చెబుతున్నప్పుడు నీ ఫోను రెండు రోజులు మోగలేదు. ఇప్పటికీ మబ్బు పడితే నాకు టెన్షనే. ఆ రెండు రోజులూ నిన్ను కాపాడింది పక్కింటి మనుషులే, వాళ్లు నీతో మాట్లాడటం మానేస్తే నేను ఇక్కడ ఎలా ఉండను? ఎవరైనా మాట జారితే జారనీ, నువ్వు మాత్రం తలుపు వేసుకోకు. పవర్ బ్యాంకు ఛార్జింగ్ పెట్టుకో.

గోంగూర పచ్చడి రెండు సీసాలు పంపుతున్నాను. ఒకటి నీకు. రెండోది, ఆ రోజు నడుం లోతు నీళ్లలో గ్యాస్ బండ మోసుకొచ్చి మీ ఇంటికి ఇచ్చిన కింది ఇంటివాళ్లకి. మీటింగుకి ముందే వెళ్లు. ఇచ్చేసి వచ్చెయ్యకు, కాసేపు కూర్చో.

నీ పెద్దమ్మ