టాడ్రీ (tawdry) అనే ఇంగ్లీషు మాట గురించి

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. "ఆ టాడ్రీ గదిలో ఆమె ఒంటరిగా కూర్చుంది" అని రాశావు. గదిలో పెచ్చులూడిన గోడ ఉంది, విరిగిన కాలి కింద ఇటుక పెట్టి నిలబెట్టిన కుర్చీ ఉంది, ఉతికి మడతపెట్టిన పాత దుప్పటి ఉంది. ఇందులో టాడ్రీ అనదగ్గది ఏదీ లేదు.

డిక్షనరీలో "చౌకబారు" అని చూసి వాడి ఉంటావు. అది సగం అర్థమే. చౌకది ఖరీదైనదానిలా మెరవాలని చూస్తేనే టాడ్రీ. ఆ పెచ్చుల మీద బంగారు రంగు కాగితం అంటించి ఉంటే ఆ కాగితం టాడ్రీ. లేమి వేరు, డాబు వేరు.

ఈ మాట పుట్టుక తెలిస్తే ఇక మర్చిపోవు. 7వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఎథెల్‌డ్రెడా అని ఒక రాణి ఉండేది. అన్నీ వదిలేసి సన్యాసిని అయింది, 673లో ఈలీ అనే ఊళ్లో మఠం పెట్టింది. 679లో మెడ మీద గడ్డ లేచి చనిపోయింది. చిన్నతనంలో మోజుపడి వేసుకున్న హారాలకు ఇది శిక్ష అని ఆవిడ అనుకునేదట. జనం నోట ఆవిడ పేరు ఆడ్రీ అయింది. ఆవిడ పేరు మీద ఈలీలో జరిగే సంతలో మెడకు కట్టుకునే పట్టు లేసులు అమ్మేవాళ్లు. సెయింట్ ఆడ్రీ లేసు అని గబగబా అని చూడు. సెయింట్ చివరి "ట్" వచ్చి ఆడ్రీకి అతుక్కుంటుంది. 16వ శతాబ్దంలో ఆడవాళ్లు ముచ్చటపడి కట్టుకున్న లేసే అది. పోనుపోను నాసిరకం సరుకు పేరైంది, 17వ శతాబ్దంలో పైపై తళుకులన్నిటికీ ఆ మాటే అంటుకుంది. హారాల మోజుకు అంత బాధపడిన మనిషి పేరుకు ఈ గతి పట్టడం తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నీ కథలో ఆమె ఏదీ దాచుకోలేదు. ఆమె గదిని టాడ్రీ అంటే పేదరికాన్ని వెక్కిరించినట్టే. నీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు, చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఐదో పేజీలో ఆఫీసు కౌంటర్ ఉంది చూడు, పాలరాయిలా కనిపించే స్టిక్కర్ అంచుల్లో లేచిపోయి ఉంటుంది. ఆ మాట చోటు అక్కడ. అయినా ఆ స్టిక్కర్‌ని అంత బాగా చూపించావు, మాట అవసరమో లేదో పైకి చదువుకుని తేల్చుకో.

మూడో పేజీ మార్చి పంపు. ఆ దుప్పటి మాత్రం తీయొద్దు.

ఆశీస్సులతో,
అన్నయ్య