గోడకి అంటించుకునే వీపు బ్రష్ పనికొస్తుందా? మూడేళ్ళుగా వాడుతున్నాను కాబట్టి చెప్తున్నాను

మీ అమ్మగారికి 62 ఏళ్ళు, షుగరు ఉంది, కుడి భుజం పట్టేసింది, రాజమండ్రిలో ఒక్కరే ఉంటారు, వీపు రుద్దుకోలేక ఇబ్బంది పడుతున్నారు, షవర్ కింద గోడకి అంటించే సిలికాన్ బ్రష్ కొని పంపితే పనికొస్తుందా అని అడిగారు. పనికొస్తుందండి. కాకపోతే కొనేముందు అమ్మగారికి ఫోన్ చేసి ఒక్క పని చేయమనండి. బాత్రూం గోడని అరచేత్తో నిమిరి, టైల్ గాజులాగా నున్నగా ఉందో, గరుకుగా ఉందో చెప్పమనండి. డబ్బులు దండగ అవుతాయా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

నా సంగతి చెప్తాను. నాకిప్పుడు 58. హైదరాబాదులో కూకట్‌పల్లి వైపు అపార్టుమెంట్లో ఉంటాను. మావారు పోయాక ఒక్కదాన్నే. 2021 చలికాలంలో భుజం నొప్పి మొదలైంది. ముందు జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోయేది కాదు. తర్వాత చీర కట్టుకుంటుంటే కొంగుని వెనకనుంచి చుట్టి తెచ్చుకోవడం కూడా కష్టమైపోయింది. రాత్రి ఆ పక్కకి తిరిగితే ప్రాణం పోయినంత పని. డాక్టరుగారు ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. 40 నుంచి 60 ఏళ్ళ మధ్య ఎక్కువగా వస్తుందట, ఆడవాళ్ళకి ఎక్కువట, షుగరు ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువట. మెల్లగా తగ్గడానికి ఏడాది నుంచి మూడేళ్ళు పడుతుందని చెప్పారు. ఈ జబ్బులో చెయ్యి పైకెత్తడం కష్టమే గానీ, వెనక్కి పెట్టడం అంతకన్నా కష్టం. అందుకే స్నానంలో మిగతా ఒళ్ళంతా ఎలాగో ఒకలా కడుక్కున్నా వీపు మాత్రం అందకుండా పోతుంది.

వీపు రుద్దుకోకపోతే ఏమవుతుందిలే అని భుజం బాగున్నవాళ్ళు అనుకుంటారు. ఎండాకాలంలో రెండు నెలలు నేను వీపు మీద నీళ్ళు పోసుకోవడమే తప్ప రుద్దుకున్నది లేదు. చెమట, జిడ్డు, పౌడరు అన్నీ కలిసి జాకెట్టు వీపుకి అంటుకుపోయేది. చెమటకాయలు లేచి రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు. ఇంటికొచ్చే పనమ్మాయి మంచిపిల్లే, అడిగితే కాదనదు, అయినా నాకు నోరు రాలేదు. మా అమ్మాయి బెంగళూరు నుంచి వచ్చినప్పుడు స్టూలు మీద కూర్చోబెట్టి వీపు రుద్దింది. మా చిన్నప్పుడు ఆదివారం పూట దొడ్లో కాగు పక్కన కూర్చోబెట్టి అమ్మ బీరపీచుతో రుద్దుతుంటే మట్టి వత్తులు వత్తులుగా వచ్చేది. అదంతా గుర్తొచ్చి కళ్ళనీళ్ళు ఆగలేదు. మీ అమ్మగారు మీతో ఈ విషయం చెప్పారంటే చాలా రోజులు ఓర్చుకునే చెప్పి ఉంటారు. దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

గోడ బ్రష్ కొనకముందు నేను రెండు కొని పక్కన పడేశాను. మొదటిది పొడుగు పిడి ఉన్న బ్రష్. పిడి ఎంత పొడుగున్నా, వీపు మీద నొక్కి రుద్దాలంటే భుజం తిప్పాల్సిందే. రెండోది రెండు చివర్లా పిడులు ఉండే పట్టీ. మగవాళ్ళు తువ్వాలు రెండు కొసలు పట్టుకుని వీపు మీద ఏటవాలుగా లాగుతారే, అదే పద్ధతి. దానికి ఒక చెయ్యి భుజం మీదనుంచి, ఇంకో చెయ్యి నడుం వెనకనుంచి రావాలి. పట్టేసిన భుజం చేయలేని పని సరిగ్గా అదే. భుజాలు బాగున్నవాళ్ళకి ఆ పట్టీ చాలా మంచిది, మీ అమ్మగారికి మాత్రం వద్దు.

గోడ బ్రష్‌లో చేతులకి పనే లేదు. బ్రష్ కదలదు, మనమే కదులుతాం. నాది జానెడు వెడల్పు, జానెడున్నర పొడవు ఉండే మెత్తటి సిలికాన్ ముక్క. ముందువైపు మెత్తటి ముళ్ళలాంటి బుడిపెలు, వెనకవైపు రూపాయి బిళ్ళంత గుంట బిళ్ళలు వరసగా ఉంటాయి. గోడకి నొక్కితే ఆ గుంటల్లో గాలి బయటికి పోతుంది, బయటి గాలి ఒత్తిడి దాన్ని గోడకి అదిమి పట్టుకుంటుంది. గేదె వేపచెట్టుకి ఒళ్ళు రాసుకుంటుంది చూడండి, అలా మోకాళ్ళు కొద్దిగా వంచుతూ లేస్తూ, అటూ ఇటూ జరుగుతూ వీపు రాసుకోవడమే. మొదటి రోజు రెక్క ఎముకల మధ్యన అది తగిలినప్పుడు కలిగిన హాయి ఇప్పటికీ గుర్తుంది. ఐదు వందల లోపు వస్తువు.

షవర్ ఉండాలని కూడా లేదు. బకెట్టు, చెంబు చాలు. బాగున్న చేత్తో భుజం మీదనుంచి నీళ్ళు పోసుకుంటే సరిపోతుంది. నేను చాలా రోజులు అలాగే చేశాను.

ఇక గోడ సంగతి. ఈ గుంట బిళ్ళ పట్టుకోవాలంటే అంచు చుట్టూ ఎక్కడా గాలి దూరే సందు ఉండకూడదు. మెరిసే నున్నటి టైల్ అయితే గట్టిగా పట్టుకుంటుంది. ఈ మధ్య కడుతున్న ఇళ్ళలో రాతిలాగా కనపడే గరుకు టైల్స్, గీతల టైల్స్ వేస్తున్నారు. వాటి మీద పొద్దున అంటిస్తే మధ్యాహ్నానికి కింద ఉంటుంది. పెయింట్ గోడకి, సున్నం గోడకి అసలు అంటదు. టైలుకీ టైలుకీ మధ్య సిమెంట్ గీత ఉంటుంది కదా, దాని మీద పడిన బిళ్ళలు కూడా పట్టవు. కాబట్టి వీలైనంతవరకు బ్రష్ మొత్తం ఒకే టైల్ మీద వచ్చేలా చూసుకోవాలి. పాత ఇళ్ళలో చిన్న చిన్న టైల్స్ ఉంటాయి. అప్పుడు గీతలు తప్పవు, కనీసం నాలుగు మూలలూ గీత మీద పడకుండా జరిపి పెట్టాలి.

మాకు వారంలో కొన్ని రోజులు మంజీరా నీళ్ళు, కొన్ని రోజులు బోరు నీళ్ళు. బోరు నీళ్ళ ఉప్పు టైల్స్ మీద తెల్లగా పేరుకుంటుంది. కంటికి కనపడనంత పలచటి పొర ఉన్నా సరే, బిళ్ళ పట్టు సడలిపోతుంది. నాది మొదటి వారంలో నాలుగుసార్లు ఊడిపడితే వస్తువు బాగాలేదనుకుని వాపసు పంపబోయాను. మా ప్లంబరు చూసి ఉప్పు సంగతి చెప్పాడు. నిమ్మచెక్కతో గాని, వెనిగర్ గుడ్డతో గాని ఆ ఒక్క టైల్ రుద్ది, పది నిమిషాలు ఆగి, కడిగి, పొడిగుడ్డతో తుడిచేశాను. తర్వాత బిళ్ళల మీద కాసిని నీళ్ళు చిలకరించి, మధ్యలోంచి అంచుల వైపుకి అరచేత్తో అదుముతూ వచ్చాను. ఆ తర్వాత నెలల తరబడి దానంతట అది ఊడిపడలేదు. తియ్యాలంటే మాత్రం మధ్యలో పట్టి లాగకండి, ఒక మూల గోరుతో లేపితే చాలు. రాజమండ్రిలో మీకు గోదావరి నీళ్ళా, బోరు నీళ్ళా అన్నది కూడా అమ్మగారిని అడగండి. బోరు అయితే నెలకోసారి ఈ నిమ్మచెక్క పని తప్పదు.

ఎత్తు ఎంత పెట్టాలంటే, గోడకి వీపు ఆనించి మామూలుగా నించున్నప్పుడు బ్రష్ పై అంచు భుజానికి రెండు వేళ్ళు కిందగా ఉండాలి. మోకాళ్ళు కొంచెం వంచితే మెడ కింది భాగం అందుతుంది, మునివేళ్ళ మీద లేస్తే నడుం అందుతుంది. మోకాళ్ళ నొప్పులుంటే ఇలా లేచి కూర్చోవడం కష్టం. అప్పుడు ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుని వీపు ఎక్కడ ఆనుతుందో అక్కడ పెట్టుకోవచ్చు, పక్కలకి కదిలితే చాలు. స్టూలు కాళ్ళకి రబ్బరు బిళ్ళలు ఉన్నాయో లేదో మాత్రం చూడండి.

ఈ మాట గట్టిగా చెప్పాలి. వాడిన రెండో రోజే నేను జారాను. సబ్బునీళ్ళు వీపు మీదనుంచి మడమల కిందికి వచ్చాయి, నేను బరువంతా గోడ మీద వేసి కాళ్ళు ముందుకి జరిపి నించున్నాను. కాళ్ళు సర్రున జారాయి. కుళాయి పట్టుకున్నాను కాబట్టి వేళ్ళ కణుపులు చెక్కుకుపోవడంతో సరిపోయింది. ఆ వయసులో తుంటి విరిగితే ఏమిటి పరిస్థితి? ఆ సాయంత్రమే జారని రబ్బరు మ్యాట్ తెప్పించాను, ప్లంబరుని పిలిచి గోడకి స్టీలు హ్యాండిల్ బిగింపించాను. స్క్రూలతో బిగించేదే పెట్టించండి. గుంట బిళ్ళలతో అంటించే హ్యాండిల్స్ కూడా అమ్ముతున్నారు, మనిషి బరువుకి వాటిని నమ్మకండి. బ్రష్ ఊడితే కింద పడేది బ్రష్షే, హ్యాండిల్ ఊడితే పడేది అమ్మ. నించునేటప్పుడు మడమలు గోడకి బెత్తెడు దూరంలోనే ఉండాలి, వీపు ఆనించాలే గాని బరువు వేయకూడదు. మీరు బ్రష్ ఒక్కటే పంపేటట్టయితే పంపొద్దు. మ్యాట్, హ్యాండిల్ రెండూ బిగించాకే బ్రష్ ఇవ్వండి.

నూనె పట్టించుకుని తలంటు పోసుకునే రోజున నేను దీన్ని వాడను. నూనె వీపు బ్రష్‌కి రాస్తే బ్రష్ జిడ్డవుతుంది, కింద నేల మీదికి కారుతుంది. సున్నిపిండి కూడా వద్దు, బుడిపెల మధ్య ఇరుక్కుని రెండు రోజులకి వాసన వస్తుంది. సబ్బు బిళ్ళని బ్రష్ మీద రుద్దితే సరిగ్గా అంటదు. లిక్విడ్ సోపు చెంచాడు వేసి నురగ చేసుకుంటే బాగుంటుంది.

వారానికోసారి ఊడదీసి వెనక్కి తిప్పి చూడాలి. గోడకీ దానికీ మధ్య నల్లటి జిగురు పడుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి బాల్కనీలో ఆరేస్తే పోతుంది. సిలికాన్ కాబట్టి బీరపీచులా కుళ్ళదు, తొందరగా ఆరుతుంది. ఇంట్లో ఇంకెవరైనా ఉంటే ఎవరిది వాళ్ళకే ఉండాలి.

షవర్ గొట్టానికే క్లాంపుతో బిగించే రకాలు కూడా మీరు చూసే ఉంటారు. గొట్టానికి బిగించేవి వద్దంటాను. మన ఇళ్ళలో షవర్ గొట్టం గోడలోంచి బయటికి వచ్చే చోట మరల మీదే నిలబడి ఉంటుంది. రోజూ మనిషి వీపుతో తోస్తుంటే ఆ మరలు వదులై గోడ లోపల నీళ్ళు కారడం మొదలవుతుంది.

ఎంత రుద్దాలి అన్నది షుగరు ఉన్నవాళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలి. నేను మొదట్లో హాయిగా ఉందని రోజూ పది నిమిషాలు రుద్దుకున్నాను. వీపంతా ఎర్రగా కందిపోయి మంట పుట్టింది. చర్మం డాక్టరుగారు వారానికి రెండు మూడుసార్లు, ఒక్కో నిమిషం చాలన్నారు. మిగతా రోజులు సబ్బునీళ్ళు పోసుకుంటే సరిపోతుంది. మొటిమలు, గుల్లలు, పుండ్లు ఉంటే రుద్దనే కూడదు, ఇంకా పెరుగుతాయి. తెల్లటి శోభి మచ్చలు మురికి వల్ల వచ్చేవి కావు, ఫంగస్. రుద్దితే పోవు, మందు రాయాలి. రెక్క ఎముక పక్కన ఒకే చోట ఏళ్ళ తరబడి దురద ఉంటే అది నరం వల్ల కూడా కావచ్చు. అక్కడ గీరిన కొద్దీ చర్మం నల్లబడుతుందే గాని దురద పోదు. రుద్దాక మెత్తగా ఒత్తి తుడుచుకుని కొబ్బరినూనె గాని, క్రీము గాని రాసుకోవాలి. వీపుకి రాసుకోవడానికి పొడుగు పిడికి స్పాంజి ఉన్నది దొరుకుతుంది. రాయడానికి ఒత్తిడి అక్కర్లేదు కాబట్టి పట్టేసిన భుజంతో కూడా చేయగలిగాను.

భుజం వ్యాయామాలు మాత్రం ఆపొద్దు. గోడ మీద వేళ్ళతో పాకుతూ పైకి వెళ్ళడం, వంగి చేతిని లోలకంలా ఊపడం నాకు ఫిజియోథెరపిస్టు నేర్పారు. నాకు చెయ్యి చాలావరకు తిరిగి వచ్చింది. బ్రష్ ఉంది కదా అని వాటిని వదిలేసి ఉంటే వచ్చేది కాదనుకుంటాను.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. వీపు రుద్దే మనిషి వీపుని చూస్తుంది కూడా. మా అమ్మ రుద్దుతూ రుద్దుతూ "ఇక్కడ ఇదేమిటే?" అనేది. మావారు కూడా అంతే. బ్రష్ వచ్చాక నా వీపుని చూసేవాళ్ళు లేరు. ఒకసారి నడుం పైన సెగ్గడ్డ లేచి, నొప్పి తెలిసేసరికి చిక్కుడు గింజంత అయింది, కోసి చీము తీయాల్సి వచ్చింది. షుగరు ఉన్నవాళ్ళకి ఇలాంటివి తొందరగా ముదురుతాయి, మానడానికి రోజులు పడుతుంది. అప్పటినుంచి ఆదివారం స్నానానికి ముందు పెద్ద అద్దానికి వీపు తిప్పి నించుని, చేతి అద్దంలో మెడ నుంచి నడుం దాకా చూసుకుంటున్నాను. చేతి అద్దాన్ని బాగున్న చేత్తో ముందువైపు పట్టుకుంటే చాలు, భుజం తిప్పక్కర్లేదు. కొత్త ఎరుపు, వాపు, రంగు మారిన పుట్టుమచ్చ ఏదైనా కనపడితే డాక్టరు దగ్గరికి వెళ్ళిపోతాను.

మీ అమ్మగారికి ఒక చేతి అద్దం కూడా ఆ పార్శిల్లోనే పెట్టండి. మీరు రాజమండ్రి వెళ్ళిన రోజున బ్రష్ గోడకే ఉండనిచ్చి, వీపు మీరే రుద్దండి. మా అమ్మాయి వచ్చిన ప్రతిసారీ అదే చేస్తుంది, నేను వద్దన్నా వినదు.