‘చేశాడు’ కాదమ్మా, ‘చేయించాడు’

అమ్మాయీ,

స్టీవ్ జాబ్స్ మీద నువ్వు పంపిన వ్యాసం మూడుసార్లు చదివాను. మొదటిసారి విసుగొచ్చి పక్కన పడేశాను. రెండోసారి ఏడో పేజీ కోసమని తీశాను. మూడోసారి పెన్ను పట్టుకుని కూర్చున్నాను, అక్కడే నీకు మూడింది.

ముందు ఆ ఏడో పేజీ. 1978లో పుట్టిన లీసాని తన కూతురే కాదని బుకాయించిన మనిషి, 1983లో యాపిల్ బజార్లో పెట్టిన కంప్యూటర్‌కి అదే పేరు ఉంచాడు. అడిగినవాళ్ళకి అవి ఏవో సాంకేతిక పదాల పొడి అక్షరాలని చెప్పారు. అది పిల్ల పేరేనని చాలా ఏళ్ళకి గాని ఆయన ఒప్పుకోలేదు. "బిడ్డని కాదన్నవాడికి బిడ్డ పేరు కావలసి వచ్చింది" అని రాశావు నువ్వు. ఆ వాక్యం నాది కానందుకు కాసేపు కుళ్ళుకున్నాను. ఇంతకు మించి మెచ్చుకోను, ఎందుకంటే దాని కిందే "అయినా మహనీయుల జీవితాల్లో ఇలాంటి మచ్చలు సహజమే కదా" అని తగిలించావు. ఎవరికి సహజం? ఆ పిల్లకా? పొయ్యి వెలిగించి వెంటనే నీళ్ళు చల్లడం ఎవరు నేర్పారు నీకు?

అసలు కోపం దీనిమీద కూడా కాదు. ‘కనిపెట్టాడు’ మీద. లెక్కపెట్టాను, పదకొండు చోట్ల వాడావు. మాకింతోష్ కంప్యూటర్ కనిపెట్టాడు, ఐపాడ్ కనిపెట్టాడు, ఐఫోన్ కనిపెట్టాడు. తర్వాత పేజీలో ఆయన్ని తిట్టేవాళ్ళ పక్షాన నిలబడి, "ఆయన ఒక్క లైను కోడ్ కూడా రాయలేదు" అంటావు. చివర్లో "మహానుభావుడో మాయగాడో పాఠకులే తేల్చుకోవాలి" అని చేతులు దులుపుకున్నావు. పాఠకుడు తేల్చుకోగలిగితే నీ పన్నెండు పేజీలు ఎందుకు చదువుతాడు?

తెలుగులో మనకి ‘ఇంచు’ అని ఒకటుంది. వండాడు, వండించాడు. కట్టాడు, కట్టించాడు. వ్యాకరణం పుస్తకంలో ప్రేరణార్థకం అని చదువుకునే ఉంటావు. రాజు కోట కట్టాడు అంటే పక్కవాడు నవ్వుతాడు, కట్టించాడు అంటే నవ్వడు. ఆ రెండక్షరాల్లో రాళ్ళు మోసినవాళ్ళు కూడా ఉన్నారు. నువ్వు జాబ్స్ గురించి ఇంగ్లీషులో చదివి తెలుగులో రాశావు కనక దారిలో ఎక్కడో ‘ఇంచు’ జారిపోయింది. దాన్ని వెనక్కి తెచ్చుకో. పోయిన మనిషి మీద జరిగే ఈ రగడలో సగం ఆ ఒక్క ప్రత్యయం దగ్గరే తేలిపోతుంది. మిగతా సగం అక్కడే మొదలవుతుంది.

ఉదాహరణకి ఒకటి చెబుతాను. 1981లో బిల్ ఆట్కిన్సన్ అనే ఆయన యాపిల్‌లో తెర మీద బొమ్మలు గీసే ప్రోగ్రాం రాస్తున్నాడు. వృత్తాలు చకచకా వచ్చేలా చేసి అందరికీ చూపించాడు. జాబ్స్ చూసి, బాగుంది గాని మూలలు గుండ్రంగా ఉండే దీర్ఘచతురస్రాల మాటేమిటన్నాడు. అవెందుకు, అంత అవసరం లేదన్నాడు ఆట్కిన్సన్. జాబ్స్ ముందు ఆ గదిలో ఉన్నవే వేలు పెట్టి చూపించాడు. తర్వాత బయటికి నడిపించుకుపోయి వీధి పొడుగునా ఇదిగో ఇది, అదిగో అది అంటూ చూపిస్తూ పోయాడు. పార్కింగ్ చేయరాదనే బోర్డు దగ్గరకొచ్చేసరికి ఆట్కిన్సన్ లొంగిపోయాడు. మర్నాటికల్లా మూలలు గుండ్రంగా వచ్చాయి. ఇప్పుడు చెప్పు, అది ఎవరు చేశారు? ఆట్కిన్సన్. జాబ్స్ ఏం చేశాడు? చూపించాడు, ఒప్పించాడు, చేయించాడు. ఆయన జీవితంలో క్రియలన్నీ ఇలాంటివే చూడు: నమ్మించాడు, విసిగించాడు, ఏడిపించాడు, పూర్తయినదాన్ని విప్పించి మళ్ళీ చేయించాడు. కోడ్ రాయలేదు కదా అని గేలి చేసేవాళ్ళకి ఈ వీధి నడక అర్థం కాదు. ‘కనిపెట్టాడు’ అని దండం పెట్టేవాళ్ళకి ఆట్కిన్సన్ కనపడడు. నీ వ్యాసంలో ఆయన పేరే లేదు.

చేయించడం ఎప్పుడూ అంత ముచ్చటగా ఉండదు. 1975లో అటారీ అనే వీడియో గేముల కంపెనీకి బ్రేకౌట్ ఆట తయారు చేసి ఇవ్వాలి. జాబ్స్ ఆ పని తన స్నేహితుడు, తర్వాత యాపిల్‌లో భాగస్వామి అయిన వోజ్నియాక్ చేత చేయించాడు, నాలుగు రోజుల్లో, నిద్రల్లేకుండా. వచ్చింది 700 డాలర్లు అని చెప్పి సగం చేతిలో పెట్టాడు. ముట్టింది వేలల్లో అని వోజ్నియాక్‌కి ఏళ్ళ తర్వాత తెలిసింది. అలా జరిగినట్టు తనకి గుర్తులేదన్నాడు జాబ్స్. నువ్వు దీన్ని ‘వివాదాలు’ అనే ఉపశీర్షిక కింద పడేశావు. వివాదం అంటూ విడిగా ఏమీ లేదమ్మా. గుండ్రటి మూలలు చేయించిన మనిషే ఇదీ చేయించాడు, ఒకటే క్రియ.

మా పత్రికలో పనిచేసే రోజుల్లో ఇదే తప్పు నేనూ చేశాను కాబట్టి ఇంత గింజుకుంటున్నాను. 2011 అక్టోబర్ 5న జాబ్స్ పోయాడు. వార్త మాకు తెల్లారాక అందింది. నా పైనున్న సంపాదకుడు వస్తూనే పూర్తి పేజీ కావాలన్నాడు. "కన్నీళ్ళుండాలి, యాపిల్ పండు బొమ్మ ఉండాలి, కుర్రాళ్ళు నేర్చుకోవలసిన పది సూత్రాలుండాలి" అన్నాడు. పదీ రాశాను. ఇప్పుడు అవేమిటో ఒక్కటీ గుర్తులేదు, ఆయనకీ ఉండి ఉండవు. ఆ వేడిలో "మౌస్ కనిపెట్టిన మేధావి" అని కూడా రాసేశాను. వారం తిరక్కుండా ఒక పాఠకుడి నుంచి పోస్టుకార్డు వచ్చింది: "అయ్యా, మౌస్‌ని 1968లోనే డగ్లస్ ఎంగెల్‌బార్ట్ సభలో అందరికీ చూపించాడు. అప్పటికి మీ మేధావికి పదమూడేళ్ళు." సవరణ వేద్దామంటే సంపాదకుడు వద్దన్నాడు, చచ్చినవాడి మీద సవరణలేమిటని. ఇంకా ఏళ్ళు గడిచాక తెలిసింది, ఎంగెల్‌బార్ట్ ఆలోచనకి చెక్కతో మొదటి మౌస్ చేసి పెట్టినవాడు బిల్ ఇంగ్లిష్ అని. అంటే నన్ను దిద్దిన ఆ పాఠకుడు కూడా ‘ఇంచు’ దగ్గర ఆగలేదు.

ఆ నెలలోనే ఇంకో చావు. డెన్నిస్ రిచీ. అక్టోబర్ 12న ఇంట్లో చనిపోయి కనిపించాడు. ప్రోగ్రాంలు రాసే సి భాష ఆయనది, కంప్యూటర్‌ని నడిపే యూనిక్స్ వ్యవస్థలో సగం ఆయనది. జాబ్స్ పేరు మీద దేశాలు ఏడ్చిన ఫోన్ లోపల నడిచేది ఆ యూనిక్స్ వంశపు వ్యవస్థే, దాన్ని రాసింది సి, దాని పిల్లల భాషల్లోనే. నేను ఇది చెబితే సంపాదకుడు "ఫోటో ఉందా?" అన్నాడు. నాలుగు లైన్లు వేశాడు, లోపలి పేజీలో, అడుగున. నేను గొడవ పడ్డానని నా మిత్రులకి చెప్పుకుంటుంటాను. పడలేదు. టీ తాగి ఇంటికి పోయాను.

ఇప్పుడు నీ సంపాదకులకి కన్నీళ్ళు పాతబడ్డాయి, ‘సమతూకం’ కొత్త మోజు. రెండు పొగడ్తలు, రెండు తిట్లు, తూకం సరిపోయిందా లేదా. ఆ తక్కెడ పక్కన పెట్టు. పని ఎక్కడెక్కడికి చేరిందో చూడు. చేయించడం అనే తాడు పట్టుకుని పోతే అది చైనా షెన్‌జెన్‌లో యాపిల్‌కి ఫోన్లు చేసిపెట్టే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ దాకా పోతుంది. 2010లో అక్కడి పనివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ప్రాణాలు తీసుకున్నారు, దూకేవాళ్ళని ఆపడానికి భవనాల చుట్టూ వలలు కట్టారు. ఆ జూన్‌లోనే జాబ్స్ వేదిక మీద కూర్చుని, అక్కడ ఈతకొలనులు కూడా ఉన్నాయన్నాడు. దీని గురించి నువ్వు రాసింది ఒకటిన్నర వాక్యం. ఐపాడ్ రంగుల గురించి పేజీన్నర.

‘ఇంచు’కి లొంగనిది కూడా ఒకటుంది, దాన్ని నువ్వు అసలు ముట్టుకోలేదు. యాపిల్ నుంచి బయటపడ్డాక ఆయన పెట్టిన నెక్స్ట్ అనే కంపెనీ కంప్యూటర్లు పెద్దగా అమ్ముడుపోలేదు. అలాంటి ఒక పెట్టె మీద 1990లో స్విట్జర్లాండ్‌లో సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధనా కేంద్రంలో కూర్చుని టిమ్ బెర్నర్స్-లీ మొదటి వెబ్ బ్రౌజర్ రాశాడు. జాబ్స్ చేయలేదు, చేయించలేదు, చేయమని అడగనూ లేదు. దీనికి ఏ క్రియ వాడతావో నాకు చూడాలని ఉంది.

మాకింతోష్ డబ్బా గురించి రాసి తీరాలి. 1982లో జాబ్స్ దాన్ని తయారుచేస్తున్న జట్టు అందరిచేతా ఒక కాగితం మీద సంతకాలు పెట్టించాడు, చివర తనదీ పెట్టాడు. కళాకారులు తమ బొమ్మ మీద సంతకం చేస్తారు కదా అని. ఆ సంతకాలు డబ్బా అచ్చులోకి ఎక్కించి ప్లాస్టిక్‌లో పోతపోశారు, లోపలి వైపున. ఆ డబ్బా విప్పాలంటే పొడుగాటి ప్రత్యేకమైన స్క్రూడ్రైవర్ కావాలి. కొన్నవాళ్ళు మామూలుగా విప్పరు. నీ వ్యాసం ఇక్కడ మొదలుకావాలి. "1955 ఫిబ్రవరి 24న శాన్‌ఫ్రాన్సిస్కోలో" అని పుట్టుకతో మొదలుపెట్టావు. అది ఎవరికి కావాలి?

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. కలం పేరు పెట్టుకోవాలా అన్నది గుర్తుంది. నీ అసలు పేరుకేం వచ్చింది? మిగతావి రాసిన కాగితం ఎక్కడో పెట్టాను. దొరికితే చూస్తాను.

నా 2011 పేజీ జిరాక్స్ ఇందులో పెట్టాను. పది సూత్రాలూ ఉన్నాయి, మౌస్ కూడా ఉంది. ఎర్ర సిరాతో క్రియలన్నీ దిద్ది పంపు, మొహమాటపడకు. పోస్టుకార్డు మాత్రం పంపలేదు, అది నా దగ్గరే ఉంటుంది.