డాక్టర్ సలహా: ఏది ముట్టుకున్నా షాక్... ఒంట్లో కరెంటు ఎక్కువైందా?

ప్రశ్న: నా వయసు 49. మాది నిజామాబాద్. చలికాలం మొదలైనప్పటి నుంచి బీరువా, కారు తలుపు, ఏది ముట్టుకున్నా చురుక్కున షాక్ కొడుతోంది. స్నానానికి వెళ్లి కుళాయి పట్టుకున్నా జిల్లుమంటోంది. రాత్రిళ్లు అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు. ఆరేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నా. ఒంట్లో కరెంటు ఎక్కువైందని, నరాల బలహీనతని తెలిసినవాళ్లు అంటే మెడికల్ షాపులో అడిగి నరాల మాత్రలు తెచ్చుకుని వాడుతున్నా. రాగి కడియం వేసుకుంటే తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: కడియం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ కుళాయి. బీరువా దగ్గర కొట్టే షాక్ క్షణంలో పోతుంది, వెంటనే మళ్లీ ముట్టుకుంటే ఏమీ ఉండదు. తడి బాత్‌రూమ్‌లో కుళాయి పట్టుకున్నంతసేపూ జిల్లుమంటుంటే మాత్రం అది గీజర్ నుంచో, వైరింగ్ నుంచో లీకవుతున్న 230 వోల్టుల కరెంటు కావచ్చు. తడి ఒంటితో అది ప్రాణం తీస్తుంది. ఈ రోజే గీజర్ మెయిన్ ఆపేయండి. ఎలక్ట్రీషియన్ ఎర్తింగ్ చూసేదాకా ఆ కుళాయి ఎవరూ వాడొద్దు. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ లేకపోతే పెట్టించుకోండి.

ఇక అరికాళ్లు. మీరు చివర్లో అడగాల్సింది కాదు, మొదట అడగాల్సింది ఇదే. షుగర్ ఉన్నవాళ్లలో రాత్రిపూట రెండు పాదాల్లో తిమ్మిర్లు, మంటలు ఉంటే నరాలు దెబ్బతింటున్నాయేమో చూడాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి విటమిన్ బి12 తగ్గుతుంది, దానివల్లా ఇవే లక్షణాలు వస్తాయి. థైరాయిడ్ సమస్యలోనూ రావచ్చు. చూడకుండా ఏదని చెప్పలేను. పరీక్ష పెద్దదేమీ కాదు. ట్యూనింగ్ ఫోర్క్ అనే రెండు కొమ్మల లోహపు కడ్డీని మోగించి బొటనవేలి ఎముక మీద ఆనించి, అదురు తెలుస్తోందా అని అడుగుతాం. సన్నని నైలాన్ పోగుతో అరికాలిని తాకి చూస్తాం. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) రక్తపరీక్షలు చేయిస్తాం.

ఇక్కడే నాకు బాధేస్తుంది. ‘నరాల మాత్ర’ అని అడగ్గానే కౌంటర్ మీదుగా ఇచ్చేస్తారు, మనమూ విటమినే కదా, ఏం చేస్తుందిలే అని మింగేస్తాం. వాటిలో చాలావరకు బి6 ఉంటుంది. ఎక్కువ మోతాదులో నెలల తరబడి పడితే ఆ బి6 వల్లే నరాలు దెబ్బతిని తిమ్మిర్లు రావచ్చు. తగ్గలేదని ఇంకొకటి వేసుకుంటారు! పైగా బి12 ఉన్న మాత్ర వాడుతూ రక్తం ఇస్తే, ఒంట్లో అసలు లోపం ఉందో లేదో రిపోర్టులో సరిగా తెలియదు. ఆ స్ట్రిప్ పారేయకండి, డాక్టర్‌కు చూపించండి. ఏ మాత్ర, ఎన్నాళ్లుగా వాడుతున్నారో చెప్పండి. మెట్‌ఫార్మిన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. ఈలోగా చెప్పులు లేకుండా నడవకండి. స్పర్శ తగ్గిన కాలికి గాయమైనా తెలియదు. ఒంట్లో కరెంటు భూమిలోకి పోతుందని ఎవరైనా ఉత్త కాళ్లతో నడవమన్నా వినొద్దు.

ఇప్పుడు మీరు అడిగింది. ఒంట్లో కరెంటు ఎక్కువవడం అనే జబ్బు లేదు. మన శరీరంలో ధన (ప్లస్), రుణ (మైనస్) విద్యుదావేశాలు దాదాపు సమానంగా ఉంటాయి. పాలిస్టర్ చీరతో ప్లాస్టిక్ కుర్చీలోనో, కారు సీటులోనో కూర్చుని లేచినప్పుడు రాపిడికి కొన్ని ఎలక్ట్రాన్లు ఒకవైపు నుంచి మరోవైపు చేరతాయి. దాంతో ఒంటి మీద ఒక రకం ఆవేశం మిగులుతుంది. రబ్బరు చెప్పుల వల్ల అది నేలలోకి పోలేదు. అలా చర్మం మీదే ఉండి, వేలు ఇనుముకు దగ్గరవగానే గాలిలోంచి దూకుతుంది. అదే ఆ చురుకు. వానాకాలంలో గాలిలో తేమ వల్ల ఆవేశం ఎప్పటికప్పుడు జారిపోతుంది కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ. వోల్టేజీ వేలల్లో ఉన్నా, ఆవేశం అతి కొద్ది. ఆ చురుకు సెకనులో పది లక్షల వంతు సేపు కూడా ఉండదు. మామూలుగా హాని చేయదు.

రాగి కడియం నేలకు ఆని ఉండదు కాబట్టి దానివల్ల ఉపయోగం లేదు. నూలు బట్టలు కట్టుకోండి, స్నానం తర్వాత చేతులకు మాయిశ్చరైజర్ రాయండి. కారు దిగేటప్పుడు సీటు మీద నుంచి లేవకముందే తలుపు ఇనుప అంచు పట్టుకుని, వదలకుండా దిగండి. బీరువాను ముందు చేతిలోని తాళంచెవితో తాకితే వేలికి చురుకు తగలదు. పెట్రోలు పోయించుకుంటున్నప్పుడు మాత్రం మధ్యలో కారెక్కి దిగొద్దు, ఆ చిన్న నిప్పురవ్వ పెట్రోలు ఆవిరికి చాలు.