అల్లుడూ, రిమోట్ కొనే ముందు

చిరంజీవి అల్లుడికి,

కర్నూలు నుంచి మామ రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. హైదరాబాద్ ఫైటింగ్ గేమ్ టోర్నమెంటుకు ఇంకా రెండు నెలలే ఉందని, పదిహేను వేలు కూడబెట్టానని, రెండు చేతులతో పట్టుకునే మామూలు ప్యాడ్ బదులు, పెట్టె మీద లీవర్ ఉండే స్టిక్ కొనాలా, లీవర్ లేకుండా అన్నీ బటన్లే ఉండే లివర్‌లెస్ కొనాలా అని అడిగావు. నీ బొటనవేలు రాత్రిళ్లు సలుపుతోందని మీ అమ్మ విడిగా ఫోన్ చేసి చెప్పింది. నువ్వు ఆ మాట రాయలేదు. నాకైతే అసలు సంగతి అదే.

డబ్బు బయటికి తీసే ముందు ఒక పని చెయ్. టెక్కెన్ 8 ప్రాక్టీస్ మోడ్‌లో, నువ్వు నొక్కిన ప్రతిదీ స్క్రీన్ పక్కన బాణం గుర్తులతో కనబడేలా పెట్టుకో. నువ్వు ఆడే పాత్ర కజుయా కదా, వాడి ఎలక్ట్రిక్ దెబ్బ వంద సార్లు వెయ్. ముందుకు, వదలాలి, కిందికి, ఆ తర్వాత కిందికీ ముందుకీ మధ్య మూలకు వచ్చిన ఫ్రేమ్‌లోనే ట్రయాంగిల్ (పంచ్ బటన్) పడాలి. ఫ్రేమ్ అంటే సెకనులో అరవయ్యో వంతు. మూల బాణం, ట్రయాంగిల్ ఒకే వరసలో కనబడితే సరిగ్గా పడినట్టు. ట్రయాంగిల్ కింది వరసలోకి జారితే చెయ్యి ఆలస్యమైనట్టు. అప్పుడు వచ్చేది మామూలు దెబ్బ, ఎదుటివాడు ఆపుకుని తిరిగి కొడతాడు. అసలు మూల బాణమే రాకపోతే తప్పు ఎడమ బొటనవేలిది.

పాత్రను స్క్రీన్‌లో ఎడమ పక్క నిలబెట్టి యాభై, కుడి పక్క నిలబెట్టి యాభై వెయ్. ఒక పక్కనే తప్పుతుంటే అది రిమోట్ లోపం కాదు, సాధన లోపం. దానికి పదిహేను వేలు పొయ్యక్కర్లేదు. రెండు పక్కలా మూల బాణం దొరక్కపోతేనే చేతిలోని వస్తువు గురించి ఆలోచించాలి.

పాత బస్టాండు దగ్గర నా వీడియో గేమ్స్ షాపు నీకు గుర్తుండదు, నువ్వు పుట్టకముందే మూసేశాను. మొదట్లో నాణెం మిషన్లు ఉండేవి, తర్వాత ప్లేస్టేషన్ తెచ్చి గంటకు పది రూపాయల లెక్కన టెక్కెన్ 3 ఆడించాను. కౌంటర్ దగ్గర కూర్చుని పిల్లల మొహాలకంటే చేతులే ఎక్కువ చూసేవాణ్ణి. ఒకడుండేవాడు, ప్యాడ్‌ను రెండు చేతులతో పట్టుకునేవాడు కాదు. మోకాలి మీద పెట్టి, టైప్ కొట్టినట్టు చూపుడువేళ్లతో నొక్కేవాడు. అలా పట్టుకోకూడదని మిగతావాళ్లు చెప్పి చూశారు. ఆ వేసవంతా వాణ్ణి ఓడించినవాడు లేడు. అప్పటినుంచి ఎవరడిగినా ఏ వస్తువు గొప్పదని నేను చెప్పను. చేతులు చూపించమంటాను.

ప్యాడ్‌తో పైకి రాలేమన్న మాట మాత్రం నమ్మకు. 2014లో ఎవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్ పోటీల్లో అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 4 టైటిల్ కొట్టిన ఫ్రాన్స్ ఆటగాడు లఫీ చేతిలో ఉన్నది మొట్టమొదటి ప్లేస్టేషన్‌తో వచ్చిన పాత ప్యాడే. 2024లో అవే పోటీల్లో స్ట్రీట్ ఫైటర్ 6 గెలిచిన అమెరికా ఆటగాడు పంక్ కూడా ప్యాడ్ ఆటగాడే. ప్యాడ్‌తో ఆడినంత కాలం దిక్కులకు ప్లస్ గుర్తు బటన్లే వాడు, ప్యాడ్ మీదుండే పుట్టగొడుగులాంటి చిన్న స్టిక్ వాడకు. అది పక్కకు వాలి మళ్లీ మధ్యకు రావడానికి పట్టే కాస్త సమయం ఇలాంటి ఆటలో ఎక్కువే. మన ఎండాకాలంలో వేలు చెమటకు జారుతుంది, పక్కన చేతిరుమాలు పెట్టుకో. ఉగ్గాని బజ్జీ తిన్న చేత్తో ప్యాడ్ ముట్టుకోకు. నూనె బటన్ సందుల్లోకి దిగితే బటన్ బరువెక్కుతుంది, నీకు తెలియకుండానే ఇంకా గట్టిగా నొక్కుతావు.

ఇక స్టిక్. కొరియావాళ్ల వీడియోలు చూసి మనసు పడ్డావని అర్థమైంది. లీవర్ అడుగున నాలుగు మైక్రోస్విచ్‌లు ఉంటాయి, ఏ దిక్కుకు వంచితే ఆ స్విచ్ టిక్కుమంటుంది. మూలకు వంచితే రెండూ ఒకేసారి. జపాన్ లీవర్‌కు స్ప్రింగు, కింద చదరపు గేటు ఉంటాయి, మూల తగిలినట్టు చేతికి తెలుస్తుంది. కొరియా లీవర్‌ను రబ్బరు మధ్యకు లాగుతుంది, వెనక్కి గెంతే ఆటకు వాళ్లకదే ఇష్టం. పాడైతే స్విచ్ ఒక్కటే మార్చుకోవచ్చు, నేనే ఎన్ని మార్చానో లెక్కలేదు. కానీ బొటనవేలు చేసే పనిని మణికట్టుకు, ముంజేతికి నేర్పాలి. రెండు నెలల్లో అది కుదరదు. ఆ రెండు నెలలూ నువ్వు ఇప్పుడున్న దానికంటే దిగజారి ఆడతావు. చవక స్టిక్ అయితే అసలొద్దు. తేలికగా ఉండి ఒళ్లో నిలవదు, ఆట వేడెక్కినప్పుడు జారిపోతుంది.

లివర్‌లెస్‌లో లీవర్ ఉండదు, అన్నీ బటన్లే. ఎడమ, కింద, కుడి మూడూ మూడు వేళ్ల కింద, పైకి గెంతడానికి బొటనవేలు. ఎలక్ట్రిక్ ఇందులో ఎలా పడుతుందో చూడు. ముందుకు నొక్కి వదిలెయ్. కింద నొక్కి పట్టుకో. దాన్ని వదలకుండానే ముందుకు, పంచ్ రెండూ కలిపి నొక్కు. మూల కోసం వేలిని దొర్లించే పనే లేదు. బొటనవేలికి దాదాపు విశ్రాంతి. నీ నొప్పి సంగతి చూస్తే నీకు సరిపడేది ఇదేనని నా గట్టి నమ్మకం. అయితే ఎడమ, కుడి ఒకేసారి నొక్కితే పెట్టె ఏం పంపుతుందో కొనేముందే అడుగు. టోర్నమెంటు రూల్స్ దాని గురించి మాట్లాడతాయి. రెండూ రద్దై పాత్ర నిలబడిపోయే పద్ధతి పెట్టుకుంటే గొడవ ఉండదు.

ఏ మిషన్ మీద ఆడిస్తారో కూడా కనుక్కో. పీఎస్5 (ప్లేస్టేషన్ 5) ఆటలు పీఎస్4 ప్యాడ్‌ను ఒప్పుకోవు. పీఎస్4కి పనిచేసే పెట్టె దొరికిందని, తాము ఆడే ఆటలో పనిచేస్తుందో లేదో అడక్కుండా సెకండ్ హ్యాండ్‌లో కొనేసి తర్వాత ఏడ్చినవాళ్లను చూశాను.

వైర్ విషయం తేలిగ్గా తీసుకోవద్దు. బెంగళూరులో ఒక పోటీకి వెళ్లాను. నా మ్యాచ్ అయిపోయింది, ప్యాడ్ సంచిలో పడేశాను. అది ఇంకా ఆ మిషన్‌కే బ్లూటూత్‌లో కలిసి ఉంది. సంచిలో బటన్ నొక్కుకుపోయి, నా తర్వాత ఆడుతున్న పిల్లవాడి ఆట పాజ్ అయింది. ఎవరి రిమోట్ అని వెతికి పట్టుకునేసరికి వాడి చేతి వేడి, ఊపు రెండూ పోయాయి. ఓడిపోయాడు. వాడి మొహం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. పీఎస్5 సెట్టింగ్స్‌లో కంట్రోలర్ దగ్గర యూఎస్‌బీ కేబుల్ వాడమని ఎంచుకునే వీలుంది, అది పెట్టు. లేవగానే నీ ప్యాడ్‌ను ఆ మిషన్‌నుంచి విడదీసి, ఆఫ్ చేసి మరీ సంచిలో వెయ్.

కాబట్టి ఈ టోర్నమెంటుకు నీ పాత ప్యాడ్‌తోనే వెళ్లు. మూడు మీటర్ల మంచి కేబుల్ ఒకటి, విడిగా ఇంకొకటి కొనుక్కో, అంతే. రోజుకు గంటన్నర దాటి ఆడొద్దు. ఇరవై నిమిషాలకోసారి చెయ్యి దించి వేళ్లు చాపు. వారంలో సలుపు తగ్గకపోతే డాక్టర్‌కు చూపించు, ఇందులో మొహమాటం వద్దు. టోర్నమెంటు అయిన మర్నాడు లివర్‌లెస్ కొను, మొదటి నెల ఎవరితోనూ మ్యాచ్ ఆడకు.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ వంద ఎలక్ట్రిక్‌ల లెక్క కాగితం మీద రాసుకుని తీసుకురా, ఎడమ పక్క ఎన్ని పడ్డాయో, కుడి పక్క ఎన్నో విడివిడిగా. పాత షాపు లీవర్ ఒకటి అటక మీద ఉంది, స్విచ్‌లు తుడిచి పెడతాను. దాని మీద చెయ్యి వేసి చూద్దువు.

మీ అమ్మకు, నాన్నకు అడిగానని చెప్పు.

మీ మామ